జీవకణ రహస్యాల అన్వేషి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

(జనవరి 12న ఆయన జయంతిని పురస్కరించుకొని ప్రత్యేక వ్యాసం)

సికింద్రాబాద్: మెట్టుగూడ నుంచి తార్నాక మీదుగా హబ్సిగూడకు సాగే రహదారి ఆరోగ్య, విజ్ఞాన రంగాలకు చెందిన పలు ప్రముఖ సంస్థలకు దారి. మెట్టుగూడ, లాలాగూడ ప్రాంతంలో దక్షిణ మధ్య రైల్వే కేంద్ర ఆసుపత్రి ఉన్నది. తార్నాక వద్ద జాతీయ పోషకాహార సంస్థ, ఆపైన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, 1977లో ఏర్పాటైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కానవస్తాయి. రోగికి అందే ఔషధం, తల్లికి అవసరమైన పోషకం, జీవకణాన్ని నడిపే శక్తి, వ్యాధిగ్రస్త కణాన్ని అంతమొందించే ఉపాయం అనే నాలుగు అంశాలలోనూ మౌలికమైన కృషి చేసిన తెలుగు శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితం గోదావరి సీమలోను, మద్రాసులోను, అమెరికాలోని బోస్టన్, న్యూయార్క్ ప్రాంతాలలోను గడిచింది. ఆయన కృషి ఫలితాలు నేడు మన ఆరోగ్య ఉపకేంద్రాల వరకు చేరాయి. ఆయన పేరు ఇంకా అంతదూరం చేరవలసి ఉన్నది.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో యల్లాప్రగడ జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. కుటుంబం ఆర్థికంగా చితికిన స్థితిలో ఉండేది. బాలునికి చదువుపై తొలుత అంతగా ఆసక్తి లేదు. పదమూడేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి, కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్న తలంపుతో బయలుదేరగా, తల్లి వెనక్కు రప్పించి తిరిగి బడికి పంపారని చెబుతారు. రాజమండ్రిలో కొంతకాలం చదివిన తరువాత, మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుంచి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ఆయన చదువు ఆగిపోకుండా ఉండేందుకు వెంకమ్మగారు తన నగలను సైతం అమ్మవలసి వచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలో సుబ్బారావు మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యసించి సేవామార్గంలో గడపాలని ఆయన కోరుకున్నారు. తల్లి అందుకు సమ్మతించలేదు. వైద్యం నేర్చుకొని ప్రజలకు సేవ చేయవలసిందిగా మఠానికి చెందిన పెద్దలు సలహా ఇవ్వడంతో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రుల సహాయం, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి ఆర్థికాదరణ ఆ చదువుకు ఊతమిచ్చాయి. ఆ కుటుంబానికి చెందిన శేషగిరితో 1919లో ఆయన వివాహం జరిగింది.

అవి జాతీయోద్యమపు రోజులు. గాంధీజీ పిలుపు మేరకు విదేశీ వస్త్రాలను విడిచిన సుబ్బారావు, శస్త్రచికిత్స తరగతులకు సైతం ఖద్దరు దుస్తులతోనే హాజరయ్యారు. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యునికి నచ్చలేదు. రాత పరీక్షలలో మంచి ప్రతిభ కనబరచినప్పటికీ ఆయనకు ఎంబీబీఎస్ పట్టాకు బదులుగా అంతకన్న తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే లభించింది. దానితో ప్రభుత్వ వైద్య సర్వీసులో ప్రవేశం కష్టమైంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలోని మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకునిగా ఆయన చేరారు. అక్కడ ఆయుర్వేద ఔషధాలను ఆధునిక పద్ధతులలో పరీక్షించాలన్న ఆసక్తి ఆయనలో కలిగింది.

ఇంతలో కుటుంబంపై పెద్ద దెబ్బ పడింది. ఆహారం ఒంటబట్టకుండా చేసి, రక్తాన్ని క్షీణింపజేసే స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధి కారణంగా ఇద్దరు సోదరులు కొద్దిరోజుల వ్యవధిలోనే మరణించారు. వైద్యుడై ఉండి కూడా సొంత అన్నదమ్ములను కాపాడుకోలేకపోయిన వేదన ఆయనను పరిశోధన వైపు నడిపింది. ఆ వ్యాధిలో శరీరానికి కొరవడేవాటిలో ఫోలిక్ ఆమ్లం ముఖ్యమైనదని, అది ఎక్కించగానే రక్తం పుంజుకుంటుందని తేలడానికి ఇంచుమించు పాతికేళ్లు పట్టింది. ఆ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు ఆయనే కావడం విశేషం.

హార్వర్డులో తొలి రోజులు

మామగారు సమకూర్చిన సొమ్ము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సహాయం ఆధారంగా సుబ్బారావు అమెరికాకు ప్రయాణమయ్యారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. ఆయన వైద్య యోగ్యతకు అక్కడ గుర్తింపు లేకపోవడంతో వైద్యునిగా పనిచేసే అవకాశం దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల పరిచర్య వంటి చిన్న పనులు చేసి పొట్టపోసుకున్నారు. పగలు తరగతులు, రాత్రి కొలువు. ఈ విధంగా డిప్లొమా పూర్తిచేసి, హార్వర్డు వైద్య కళాశాల జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధకునిగా చేరారు.

భాస్వరాన్ని కొలిచిన పద్ధతి

శరీరంలో భాస్వరం (ఫాస్ఫరస్) ఎముకలలోనే గాక రక్తంలోను, కండరాలలోను, ప్రతి కణంలోను ఉంటుంది. అయితే రక్తపు చుక్కలోనో, కండరపు తునకలోనో అది ఎంత ఉన్నదో త్వరగా, కచ్చితంగా కొలిచే మార్గం ఆ రోజులలో లేదు. నమూనాకు ఆమ్ల మాలిబ్డేట్ ద్రావణాన్ని కలిపి, తగిన క్షయకరణి చేర్చితే నీలిరంగు ఏర్పడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కనవుతుంది. ఈ రంగు గాఢతను పోల్చి భాస్వరాన్ని లెక్కగట్టే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరిట ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలు దశాబ్దాల తరబడి దీనిని అనుసరించాయి. జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ ఈ పేరు పరిచితమే.

ఈ కొలమానం చేతికి రావడంతో కొత్త విషయాలు బయటపడ్డాయి. కండరంలో అంతవరకు ఎవరూ గుర్తించని ఒక భాస్వర సమ్మేళనం ఉన్నదని, కండరం పనిచేసినప్పుడు అది తరిగి, విశ్రాంతిలో తిరిగి పెరుగుతున్నదని వారు గమనించారు. 1927లో వెల్లడైన ఈ పదార్థమే ఫాస్ఫోక్రియేటిన్. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతవరకు శాస్త్రలోకం భావిస్తూ ఉండేది. కండరాలపై పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందిన హిల్, మయర్‌హాఫ్‌లు సైతం ఆ అభిప్రాయంతోనే ఉండేవారు. ఫాస్ఫోక్రియేటిన్ వెల్లడి కావడంతో ఆ సిద్ధాంతానికి పునాది కదిలింది.

1929లో ఫిస్క్, సుబ్బారావు మరొక సమ్మేళనాన్ని వేరుచేశారు. అది అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఏటీపీ. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా ఇదే పదార్థాన్ని కనుగొన్నారు. మనం తిన్న అన్నంలోని శక్తి అంతా చివరకు ఈ రూపంలోకి మారిన తరువాతనే కణానికి ఉపయోగపడుతుంది. చిల్లర నాణెం చేతులు మారినట్లు ఇది కణంలో క్షణక్షణం ఖర్చవుతూ, తిరిగి తయారవుతూ ఉంటుంది. ఒక మనిషి ఒక్క రోజులో వినియోగించే ఏటీపీ మొత్తం ఇంచుమించు అతని శరీర బరువుకు సమానమని శాస్త్రవేత్తల అంచనా. 1930లో సుబ్బారావుకు హార్వర్డు పీహెచ్‌డీ పట్టా లభించింది.

మాంసకృత్తుల మార్పు, కణ మరణం

ఏటీపీ ప్రాధాన్యం శక్తితోనే ముగియలేదని తరువాతి తరాల పరిశోధనలు తెలిపాయి. కణంలో పనులన్నిటినీ నిర్వహించేవి మాంసకృత్తులు, అనగా ప్రొటీన్లు. ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ ముక్కను తెచ్చి ప్రొటీనుకు తగిలిస్తే దాని స్వభావం మారుతుంది. నిద్రాణంగా ఉన్నది మేల్కొంటుంది, పనిచేస్తున్నది ఆగుతుంది. ఆ ముక్కను తొలగిస్తే తిరిగి పూర్వస్థితికి వస్తుంది. అమెరికాలోని సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ 1955లో కండరపు ఎంజైముపై జరిపిన ప్రయోగాలలో ఈ సంగతి తేలింది. ఇందుకు వారికి 1992లో నోబెల్ బహుమతి లభించింది. ఈ మార్పు అదుపు తప్పినప్పుడు క్యాన్సర్ వంటి వ్యాధులు తలెత్తుతాయి. ఒక రకమైన దీర్ఘకాలిక రక్త క్యాన్సర్‌కు 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మందు, ఫాస్ఫేట్‌ను అదేపనిగా తగిలించే ఒక దుష్ట ఎంజైమును అడ్డుకొని పనిచేస్తుంది.

కణ మరణం విషయంలోనూ ఇదే ఏటీపీ కీలకమైనది. పాతబడిన, దెబ్బతిన్న కణాలు శరీర శ్రేయస్సు కోసం తమంతట తాము క్రమపద్ధతిలో అంతమవుతాయి. చెట్టునుంచి ఆకు రాలడాన్ని తలపించే గ్రీకు పదంతో దీనికి 1972లో అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. ఈ క్రమబద్ధమైన మరణానికి సైతం కణంలో తగినంత ఏటీపీ ఉండాలి. అది పూర్తిగా అడుగంటితే కణం పగిలి, చుట్టుపక్కల వాపునకు దారితీస్తుంది. ఈ విధంగా కణం బ్రతకడానికే గాక సక్రమంగా మరణించడానికి కూడా అవసరమైన పదార్థాన్ని వెలుగులోనికి తెచ్చిన వారిలో సుబ్బారావు ఒకరు. ఈ పరిణామాలన్నీ ఆయన అనంతరం జరిగినవే. వాటికి ఆధారమైన అణువు ఆయన చేతుల మీదుగా వచ్చింది.

గుర్తింపు దక్కని కృషి

ఇంతటి కృషి చేసినా హార్వర్డులో ఆయనకు శాశ్వత ఆచార్య పదవి లభించలేదు. పరిశోధనలో అధికభాగం సుబ్బారావుదే అయినప్పటికీ ఖ్యాతి ఫిస్క్‌కు దక్కింది. సుబ్బారావు కనుగొన్న కొన్ని అంశాలు ఫిస్క్ వైఖరి కారణంగా ప్రచురణకు నోచుకోలేదని, వాటిని ఇతరులు అనంతర కాలంలో మళ్లీ కనుగొనవలసి వచ్చిందని వారి ప్రయోగశాలలో పనిచేసిన జార్జ్ హిచింగ్స్ వెల్లడించారు. ఈ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి గ్రహీత. సుబ్బారావు స్వభావం కూడా కొంతవరకు ఇందుకు దోహదం చేసింది. ఆయన ప్రచారానికి దూరంగా ఉండేవారు. తన బృందంలోని వారి పేరుతో ఫలితాలు వెలువడడానికే ఇష్టపడేవారు.

1940లో ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో గల లెడర్లీ ప్రయోగశాలలలో చేరారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఒంటరిగా పనిచేసిన పరిశోధకుడు ఇక్కడ రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, వైద్యులతో కూడిన పెద్ద బృందాన్ని నడిపారు. ఎనిమిదేళ్లలో ఆ బృందం సాధించిన విజయాలు ఒక సంస్థ చరిత్రకే గాక వైద్య చరిత్రకు కూడా మైలురాళ్లు.

ఫోలిక్ ఆమ్లం

1931లో బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలోని నిరుపేద గర్భిణులలో తీవ్రమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలోని ఏదో పోషకం దానిని నయం చేస్తున్నదని తెలిపారు. ఆ పోషకమేదో ఎవరికీ అంతుపట్టలేదు. పశువుల కాలేయం నుంచి, సూక్ష్మజీవుల నుంచి దానిని వేరుచేసి, నిర్మాణాన్ని తెలుసుకొని, కృత్రిమంగా తయారు చేసే పనిని సుబ్బారావు బృందం చేపట్టింది. 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం ప్రయోగశాలలో సిద్ధమైంది.

మన దేశంలో 1970లో ఆరంభమైన జాతీయ పోషకాహార రక్తహీనత నివారణ కార్యక్రమం కింద గర్భిణులకు ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కలిపిన మాత్రలను అందించడం మొదలైంది. గర్భధారణకు ముందు నుంచే ఈ విటమిను తీసుకుంటే శిశువులలో వెన్నుపాముకు సంబంధించిన పుట్టులోపాలను చాలావరకు నివారించవచ్చునని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం నిరూపించింది. నేడు ఏఎన్ఎం గానీ, ఆశా కార్యకర్త గానీ గర్భిణి చేతిలో పెట్టే మాత్ర వెనుక ఈ చరిత్ర ఉన్నది.

రక్త క్యాన్సర్‌పై తొలి విజయం

ఫోలిక్ ఆమ్లం లేనిదే కణం తన జన్యుపదార్థాన్ని నకలు చేసుకోలేదు, విభజన చెందలేదు. వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణాలకు దీని అవసరం మరింత ఎక్కువ. బోస్టన్ బాలల ఆసుపత్రిలో వైద్యుడైన సిడ్నీ ఫార్బర్ ఈ విషయంపై దృష్టి సారించారు. ఫోలిక్ సమ్మేళనాలు ఇచ్చినప్పుడు రక్త క్యాన్సర్ మరింత పెచ్చుపెరిగినట్లు ఆయనకు కనిపించింది. అటువంటప్పుడు ఆ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పని జరగనివ్వని పదార్థం ఇస్తే వ్యాధి తగ్గాలి. రూపంలో ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన ఇటువంటి నకిలీ అణువులను సుబ్బారావు బృందం తయారు చేసి ఫార్బర్‌కు పంపింది. వాటిలో ముఖ్యమైనది అమినోప్టెరిన్. దాని తరువాత వచ్చినది మెథోట్రెక్సేట్. అసలు తాళంచెవి అనుకొని ఎంజైము దీనిని పట్టుకుంటుంది. తాళం తెరుచుకోదు. జన్యుపదార్థానికి ముడిసరుకు అందక కణం మరణిస్తుంది.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలను ప్రచురించారు. తీవ్రమైన రక్త క్యాన్సర్‌తో బాధపడుతున్న 16 మంది చిన్నారులకు అమినోప్టెరిన్ ఇవ్వగా, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా ఉపశమించింది. ఆ ఉపశమనం కొద్దినెలలే నిలిచింది, వ్యాధి తిరగబెట్టింది. అయినప్పటికీ అంతవరకు వారాలలో ప్రాణం తీసే ఈ వ్యాధిని మందుతో వెనక్కు నెట్టవచ్చునని మొదటిసారిగా రుజువైంది. 1956లో గర్భసంబంధమైన ఒక క్యాన్సర్‌ను మెథోట్రెక్సేట్ పూర్తిగా నయం చేయగలదని అమెరికాలో నిరూపించారు. ఆ తరువాత ఇతర మందులతో కలిపి వాడే విధానం రూపొందడంతో, మంచి చికిత్స అందే చోట తీవ్ర లింఫాటిక్ రక్త క్యాన్సర్ సోకిన చిన్నారులలో అత్యధికులు కోలుకుంటున్నారు. తక్కువ మోతాదులో ఇదే మందు కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వాడుతున్నారు. అయితే ఆరోగ్యవంతమైన కణాలను కూడా ఇది దెబ్బతీయగలదు. కావున వైద్యుల పర్యవేక్షణ లేనిదే దీనిని వాడరాదు.

బోదకాలుకు మందు, కొత్త యాంటీబయాటిక్

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికన్ సైనికులకు బోదవ్యాధి సోకింది. దానికి మందు కనుగొనే బాధ్యతను లెడర్లీ చేపట్టింది. 1947లో సుబ్బారావు సహచరులు వెల్లడించిన డైఇథైల్ కార్బమజీన్, హెట్రజాన్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. ఆయన పుట్టిన గోదావరి జిల్లాలలో తరతరాలుగా ప్రజలను పీడించిన వ్యాధి ఇది. బోదవ్యాధి నిర్మూలనకు మన దేశంలో 2004లో మొదలైన సామూహిక ఔషధ పంపిణీ కార్యక్రమంలో ఇంటింటా మింగించినది ఈ డీఈసీ మాత్రలనే.

మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి మందులు వెలికితీసే పనిని ఆయన వృక్షశాస్త్రజ్ఞుడైన బెంజమిన్ డగ్గర్‌కు అప్పగించారు. డగ్గర్ అప్పటికే ఏడు పదులు దాటిన విశ్రాంత ఆచార్యుడు. వయసును చూడక విద్వత్తును చూసిన సుబ్బారావు నమ్మకం వమ్ము కాలేదు. మిస్సోరీ రాష్ట్రపు మట్టి నమూనా నుంచి లభించిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఇదే తొలి ఔషధం. 1994లో సూరత్‌లో ప్లేగు కలకలం చెలరేగినప్పుడు దేశం ఆశ్రయించినది ఈ కుటుంబపు మందులనే.

అర్ధాంతర నిష్క్రమణ

ఈ విజయాలు ఒకటొకటిగా వెలువడుతుండగానే, 1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. ఫార్బర్ నివేదిక వెలువడి అప్పటికి రెండు నెలలు. ఆయన వయసు 53 సంవత్సరాలు. 1922లో మాతృదేశాన్ని విడిచిన తరువాత ఆయన తిరిగి రాలేకపోయారు. శేషగిరమ్మగారు భర్తను మళ్లీ చూడలేదు. వారికి కలిగిన మగబిడ్డ పసితనంలోనే మరణించాడు. లక్షల కుటుంబాలకు ఊరట కలిగించిన పరిశోధనకు ఆ ఇంటి ఇల్లాలు చెల్లించిన మూల్యం ఇది. ఆమె త్యాగాన్ని స్మరించకుండా సుబ్బారావు జీవితకథ సంపూర్ణం కాదు.

భారతీయులు అమెరికా పౌరసత్వానికి అనర్హులని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారి అవకాశం వచ్చినా ఆయన దానిని వినియోగించుకోలేదు. కడదాకా భారతీయునిగానే ఉన్నారు. నోబెల్ వంటి అత్యున్నత పురస్కారాలేవీ ఆయనను వరించలేదు. 1953లో ఒక కొత్త శిలీంధ్రానికి ఆయన గౌరవార్థం సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది.

యువతకు స్ఫూర్తి

మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన విద్యార్థి, కోరుకున్న పట్టా దక్కని వైద్యుడు, పదవి లభించని పరిశోధకుడు చేసిన పని ఇది. ప్రతి సందర్భంలోనూ ఆయన తన ఎదుట ఉన్న చిన్న పనిని కచ్చితంగా చేయడంతోనే ముందుకు సాగారు. రంగు గాఢతను కొలిచే ఒక సాధారణ పద్ధతి నుంచే ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీ వెలుగు చూశాయి. సోదరుల మరణం రేపిన ప్రశ్న నుంచే ఫోలిక్ ఆమ్లం, దాని నుంచే క్యాన్సర్ మందు వచ్చాయి.

మెట్టుగూడ మెట్రో స్టేషన్‌లో దిగి తార్నాక, హబ్సిగూడ కళాశాలలకు, ప్రయోగశాలలకు వెళ్లే యువతీయువకులలో రేపటి జీవరసాయన శాస్త్రజ్ఞులు ఉంటారు. రక్తహీనత ఇప్పటికీ మన మహిళలను, పిల్లలను వేధిస్తూనే ఉన్నది. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఫోలిక్ ఆమ్లం మాత్రను గర్భిణి క్రమం తప్పక వేసుకోవడం, ఊరికి వచ్చిన బోదకాలు మందును ఇంటిల్లిపాది సంకోచం లేకుండా మింగడం, పరీక్ష తప్పిన విద్యార్థిని ఇంట్లోవారు వెంకమ్మగారివలె మరల బడికి పంపడం, ఈ మూడూ జరిగిననాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుకు తెలుగు ప్రజలు నిజమైన నివాళి అర్పించినవారవుతారు.